చదువు పెదనాయనది, ఛాతీ నాయనది

మా నాయనకూ మా పెదనాయనకూ పేరు ఒకటే. దగ్గరదగ్గర పేర్లు కావు, అక్షరం తేడా లేకుండా ఒకటే. ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా అవే. పోనీ కవలలా అంటే కాదు, పెదనాయన మూడేండ్లు పెద్ద. ఈ సంగతి విన్నవాళ్లు నా వైపు అదోలా చూస్తారు. చూడనీ, నాకేం. నేను పుట్టకముందే మా తాత చేసిన ఘనకార్యం అది.

అప్పట్లో కర్నూల్లో మిలట్రీ సెలక్షన్లు పెట్టారు. మా పెదనాయన పదో తరగతి పాసైన సర్టిఫికెట్టు పట్టుకొని రుద్రవరం నుంచి పోయాడు. పరుగు బాగానే పరిగెత్తాడు. ఎత్తు కూడా చాలింది. ఛాతీ దగ్గర దెబ్బయిపోయింది. టేపు పట్టుకున్నవాడు గాలి పీల్చమంటే పీల్చాడు, ఇంకా పీల్చమంటే కళ్లు తేలేశాడు. ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే, మా తాత చిన్న కొడుకు వైపు చూశాడట. మా నాయన ఎనిమిదో తరగతి దాటలేదు, వయసూ చాలదు. మనిషి మాత్రం గాదెలాగా ఉండేవాడు. మర్నాడు అదే సర్టిఫికెట్టుతో ఆయన పోయాడు, ఎంపికై వచ్చాడు. మా ఇంట్లో దీన్ని మోసం అనుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకే మంచి చొక్కా ఉండేది, పెండ్లికి ఎవరు పోతే వాళ్లు తొడుక్కునేవాళ్లు. పేరును కూడా ఆ లెక్కలోనే వేశారు.

అట్లా పెదనాయన పేరు పెట్టుకొని మా నాయన మంచులో కాపలా కాశాడు, మెడల్సు తెచ్చుకున్నాడు, రిటైరై పింఛను తీసుకుంటున్నాడు. అదే పేరుతో పెదనాయన రుద్రవరంలో వరి పండించాడు. ఒకాయన ఆళ్లగడ్డలో, ఒకాయన రుద్రవరంలో. నాయనను ఆళ్లగడ్డలో అందరూ 'మిలట్రీ' అనే పిలుస్తారు. పెదనాయనను ఊర్లో 'పెద్దాయప్ప' అంటారు. ఆధార్ కార్డులొచ్చినప్పుడు కూడా గండం గడిచిపోయింది, వేలిముద్రలు ఎవరివి వాళ్లవే కదా.

తర్వాత ఆరోగ్య కార్డులొచ్చాయి. దేశంలో ప్రతి మనిషికీ ఒక ఆరోగ్య నంబరు, ఏ ఆసుపత్రికి పోయినా పాత చీటీలు మోసుకుపోనక్కర్లేదు, అన్నీ కంప్యూటర్లోనే కనబడతాయి అని ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ తిరిగి చెప్పింది. మంచిదే. నాక్కూడా నచ్చింది. కాకపోతే దానికి ఫోన్ నంబరు కావాలి, ఓటీపీ రావాలి. మా నాయనకు ఫోను చార్జింగ్ పెట్టడం యుద్ధ విద్యల్లో నేర్పించలేదు. రుద్రవరంలో పెదనాయన ఇంటి దగ్గర సిగ్నలు కన్నా అడివి పందులు ఎక్కువ. అందుకని ఇద్దరికీ నా నంబరే ఇచ్చారు. నన్ను అడగలేదు. అడిగేదేముంది, ఇంటి ఆడపిల్లను కదా. నంద్యాలలో నా ఫ్యాన్సీ షాపులో గాజులు చూపిస్తూ చూపిస్తూ ఇద్దరి ఓటీపీలూ నేనే చెప్పాను.

మొన్నటి వానాకాలంలో నాయనకు జ్వరం పట్టుకుంది. దగ్గితే ఇల్లంతా అదిరేది. మా తమ్ముడు ఆళ్లగడ్డ నుంచి ఆటోలో వేసుకుని నంద్యాలకు తెచ్చాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. కౌంటర్లో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి "ఓటీపీ చెప్పక్కా" అంది. దేనికమ్మా అంటే "రికార్డు తెచ్చుకునేకి" అంది. చెప్పాను. ఆమె టకటకా ఏదో నొక్కింది. నాయనను మంచమెక్కించారు, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, తమ్ముడు మందుల షాపుకు పోయాడు.

మొదటి గొడవ కాఫీతో వచ్చింది.

"ఏందిది? చక్కెర లేదు. నేను రోగినా, ఖైదీనా?" అని నాయన కప్పు పక్కకు తోశాడు.

"నీకు షుగరుంది కదా పెద్దాయనా, తియ్యటివి తినగూడదు" అంది నర్సు. కోయిలకుంట్ల వైపు పిల్ల, మాట మెత్తగా ఉంది.

"షుగరా? నాకా? క్యా బక్వాస్!" మిలట్రీలో నేర్చుకున్న హిందీ మా నాయనకు కోపమొస్తేనే బయటికొస్తుంది.

నేను నవ్వుకున్నాను. ఎవరిదో చూసి చెప్పి ఉంటుందిలే అనుకున్నాను. తర్వాత ఆమె ఎడమ కంటికి శుక్లాల ఆపరేషను ఎప్పుడైందని అడిగింది. మా నాయన రెండు కళ్లతోనూ ఆమెను ఉరిమి చూశాడు. షుగరున్నదీ, కన్ను కోయించుకున్నదీ మా పెదనాయన.

అంతలో ఆమె ట్రేలో సిరంజీ పెట్టుకుని వచ్చింది. మందు ఎక్కించి సిద్ధంగా ఉంది.

"ఉండు తల్లీ, ఏం మందు అది? టెస్టు డోసు వేయకుండానే ఇస్తున్నావే?"

"పోయిన నెలే ఇదే మందు ఏసినారు కదక్కా, ఆళ్లగడ్డ గవర్నమెంటు ఆస్పత్రిలో. కాలికి గడ్డపార తగిలి కుట్లు పడినప్పుడు. ఏం రియాక్షన్ కాలేదని స్క్రీన్లో ఉండాది. టెస్టు అక్కర్లేదన్నాడు సారు."

గడ్డపార తగిలింది పెదనాయనకు. కుట్లు పడింది పెదనాయనకు. ఆ మందు వేయించుకుని హాయిగా జొన్నరొట్టె తిన్నది పెదనాయన. ఇక మా నాయనకూ సూదిమందుకూ ఉన్న సంబంధం వేరు. ఆ కథ మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా కంఠతా. ఉద్యోగంలో ఉండగా ఉత్తరాదిన ఏదో మిలట్రీ ఆసుపత్రిలో పంటి వాపుకని సూదిమందు ఇస్తే, మొహం ఉబ్బి, గొంతు మూసుకుపోయి, నేలమీద పడిపోయాడు. చచ్చి బతికాడు. చేతిలోకి రమ్ము గ్లాసు వస్తే చాలు, ఆ కథ మొదలయ్యేది. చెప్పిన ప్రతిసారీ మొహం ఇంకొంచెం ఉబ్బేది. ఆ కథలో డాక్టరు మీసాలున్నాయి, ప్రాణం పోసిన మలయాళీ నర్సు ఉంది, బయట కురుస్తున్న మంచు ఉంది. మందు పేరు మాత్రం లేదు. అది మిలట్రీ వాళ్ల రికార్డులో ఉంది, ఆ రికార్డు వాళ్ల కంప్యూటర్ దాటి బయటికి రాదు. మా నాయన ఒంటి మీద దద్దుర్లు పుట్టే మందేదో శత్రువుకు తెలిస్తే దేశానికి ముప్పు కాబోలు.

నేను సిరంజీకీ మంచానికీ మధ్య నిలబడ్డాను. "సారును పిలువు" అన్నాను. పిలిచింది.

డాక్టరు వచ్చాడు. చిన్నవాడే, మర్యాదస్తుడే. "మా నాయనకు ఏదో సూదిమందు పడదు సార్" అన్నాను.

"ఏ మందు?"

"తెలీదు."

"తెలీకపోతే ఎలాగమ్మా?"

"మిలట్రీ వాళ్లకు తెలుసు."

మిలట్రీ వాళ్ల క్లినిక్కుకు ఫోను చేశాను. మాజీ సైనికుల కోసం పెట్టిన దవాఖానా అది, కర్నూల్లో ఉంది. ఫోనెత్తినాయన నా గోడంతా ఓపిగ్గా విని, ఫోన్లో చెప్పకూడదమ్మా, కార్డు తీసుకుని మనిషి రావాల అన్నాడు. మనిషి ఈడ ఊపిరాడక పడి ఉన్నాడయ్యా అంటే, ఇంట్లో వాళ్లు వచ్చినా పరవాలేదు అన్నాడు. ఆయన రూలు ఆయనది. నా ఒళ్లు మండిపోయింది.

డాక్టరు స్క్రీను నా వైపు తిప్పాడు. "చూడండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, అన్నీ మీ నాన్నగారివే. ఈ మందు ఇచ్చారు, ఏమీ కాలేదు. నిమ్ము ముదురుతోంది, ఆలస్యం చేస్తే మంచిది కాదు."

"అది మా నాయన కాదు సార్. మా పెదనాయన."

"మీ పెదనాన్న పేరేంటి?"

చెప్పాను. డాక్టరు స్క్రీన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, రాత్రంతా నిద్ర లేదేమో పాపం అన్నట్టు నర్సు వైపు చూశాడు. ఇక నాతో లాభం లేదని మంచం మీదికి వంగాడు.

"పెద్దాయనా, పోయిన నెల ఆళ్లగడ్డలో కాలికి కుట్లు వేయించుకున్నారా?"

మా నాయన ఆక్సిజన్ గొట్టం సర్దుకున్నాడు. నా మొహం చూడకుండా, "ఏపిచ్చుకున్యా సార్" అన్నాడు.

నేను బిత్తరపోయాను. మరుక్షణం దుప్పటి పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. రెండు పాదాలూ బయటపడ్డాయి. శుభ్రంగా ఉన్నాయి. "ఏవీ కుట్లు? చూపించు!"

"మానిపోయినాయి."

"నెలకే మచ్చ గూడా మాయమైందా? నీ కాలేమన్నా పలకనా, తుడిస్తే పోడానికి?"

పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. డాక్టరుకు ఇప్పుడు నిజంగానే అనుమానం వచ్చింది, దాంతోపాటు చిరాకూ వచ్చింది. "వేరే మందు ఉంది. ఇస్తాను. కానీ రికార్డులో ఒకటి ఉండగా ఇంకొకటి ఇస్తున్నప్పుడు ఎందుకో రాయాలి. ఈ రికార్డు ఈయనది కాదని రాయమంటారా?"

"రాయొద్దు సార్" అన్నాడు నాయన. మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందటం లేదు. "ఆ సూదిమందే ఏయండి. ఏం కాదు."

చచ్చిపోవడానికి సిద్ధపడ్డాడు పెద్దమనిషి! నేను చెవి దగ్గరికి వంగి నోటికొచ్చినట్టు తిట్టాను. పింఛను పోతే గంజి తాగి బతుకుదాం, నువ్వుంటే కదా పింఛనైనా అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. జ్వరానికి అరచెయ్యి కాలిపోతోంది.

"పింఛను పోతే పోనీ పాపా. సర్టిఫికెట్టు ఇచ్చింది మాయన్న. రేపు ఎవరన్నా కేసు పెడితే ఇద్దర్నీ పట్టుకుంటారు. ఈ వయసులో ఆయప్పను కోర్టుల చుట్టూ తిప్పాల్నా?"

నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎన్నేండ్లుగా ఈ భయం పెట్టుకుని బతికాడో, ఒక్కనాడూ నోరు తెరిచి చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే పెదనాయన దిగాడు. నాయనకు బాగలేదని పొద్దున నేనే పెదనాయన కోడలికి ఫోన్లో చెప్పి ఉన్నాను. కాలికి గుడ్డ కట్టుకుని, కుంటుకుంటూ, చేతిసంచిలో జొన్నరొట్టెలతో బస్సెక్కి వచ్చేశాడు.

"ఏందే ఈ గోల? బస్టాండు కాడికి వినపడతాంది" అన్నాడు.

జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. విన్నాడు. సంచి నా చేతిలో పెట్టాడు. డాక్టరు స్టూలు లాక్కుని, దానిమీద కాలు పెట్టి, గుడ్డ విప్పడం మొదలుపెట్టాడు. నర్సు "అయ్యో తాతా, ఈడ ఇప్పొద్దు" అంటున్నా వినలేదు.

"ఇదో సార్, మీ కంప్యూటర్లో ఉండే కాలు. కుట్లు చూసుకోండి. షుగరు నాది, కన్ను నాది. ఆ పేరు గూడా నాదే, వాడికి ఇచ్చింది నేనే. జైల్లో ఏస్తే నన్నేయండి. ఆ సూది మాత్రం వాడికేయొద్దు."

"అన్నా, నువ్వు ఊరకుండు" అన్నాడు నాయన.

"నువ్వుండ్రా. నా ఛాతీ ఆపొద్దు కర్నూల్లో పోయింది, నీ ఛాతీ ఈపొద్దు నంద్యాలలో పోతాంది. ఇంగ మాటలొకటి నీకు!"

డాక్టరు పెదనాయన పాదం చూశాడు, నాయన పాదాలు చూశాడు, స్క్రీను చూశాడు. నర్సు చేతిలోని ట్రే తీసి పక్కన పెట్టాడు.

"నాకు మందు సంగతి చాలు పెద్దాయనా. పేర్ల సంగతి నాకు వినపడలేదు" అని వేరే మందు రాశాడు. చీటీ మీద కారణంగా, గతంలో ఇంజెక్షన్ పడలేదని బంధువులు చెప్పారు అని మాత్రం పెట్టాడు. అంతే. ఆయన కాళ్లు మొక్కాలనిపించింది, కానీ అప్పటికే రెండు జతల కాళ్ల ప్రదర్శన జరిగింది కాబట్టి ఊరుకున్నాను.

మర్నాడు తమ్ముడు కార్డు తీసుకుని కర్నూలు పోయాడు. సాయంత్రం ఫోన్లో ఫోటో పంపాడు. మిలట్రీ వాళ్ల కాగితంలో పైనే ఎర్ర అక్షరాలతో మందు పేరు ఉంది, ప్రాణాపాయం అని ఉంది. డాక్టరుకు చూపించాను. నర్సు సిరంజీలో ఎక్కించి తెచ్చిన మందు అదే. నేను కారిడార్లోకి పోయి గోడకానుకుని కూర్చున్నాను. ప్రభుత్వ ఆసుపత్రి రికార్డు ఎవరడిగితే వాళ్లకు అన్నీ చెప్పేసింది. ప్రైవేటు ఆసుపత్రి విన్నదల్లా నమ్మింది. మిలట్రీ దవాఖానాకు నిజం తెలుసు, అది నోరు మెదపలేదు. ఆ మూడింటి మధ్యా మా నాయన ప్రాణం దుప్పటి కింద పాదాల మీద నిలబడింది.

వారానికి నిమ్ము తగ్గింది. డిశ్చార్జి రోజు అందరం కౌంటరు దగ్గరికి పోయాం. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని ఉంది. ఒకే మనిషికి రెండు నంబర్లున్నాయి, కలపమంటావా అని కంప్యూటర్ అడిగిందట, ఈమె సరేనని నొక్కిందట. "నేను ఇడగొడతానక్కా. కానీ రేపు ఇంకో ఆస్పత్రిలో మళ్లీ కలిసిపోతాయి. పేరు, తేదీ, తండ్రి పేరు అన్నీ ఒకటైతే దానికి ఒకడే మనిషి. వీళ్లిద్దరిలో ఒకరిదన్నా మారాల."

నాయన మొహం వాడిపోయింది. మార్చుకోవలసింది తనే అనుకున్నాడు. మార్చుకుంటే మిలట్రీ కార్డు చెల్లదు.

"ఆధార్ లేకుండా చేయొచ్చామ్మా, ఈ కార్డు?" అని పెదనాయన అడిగాడు.

"చేయొచ్చు తాతా. ఉత్త ఫోన్ నంబరు చాలు. పేరు మీరేం చెప్తే అది."

"అయితే నా పాతది తీసేయి. కొత్తది రాసుకో." అని మా నాయన అసలు పేరు చెప్పాడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు.

నేను అడ్డం పడ్డాను. "పెదనాయనా, రేపు ఏదన్నా ఆపరేషను పడితే ఉచితంగా చేయరు ఈ కొత్త కార్డుకు. సర్కారు ఉచిత వైద్యం కార్డు నీ పాత పేరు మీద ఉంది."

"పడినప్పుడు చూద్దాం లేమ్మా. నాకా పేరుతో ఏం పని? ఊర్లో పెద్దాయప్ప అంటారు, ఇంట్లో తాత అంటారు. వాడైతే ఆ పేరుతో చలిలో నిలబడినాడు. మెడల్సు మీద గూడా చెక్కినారంట. వాడి పేరు ఊరికేనే పడుండాది గదా ఇన్నాళ్లుగా. నేను వాడుకుంటా."

ఫోన్ నంబరు మాత్రం నాది ఇవ్వనన్నాను. కోడలి నంబరు ఇచ్చారు.

పై నెల నాయన నిమ్ము ఎట్లా ఉందో చూపించడానికి, పెదనాయన కాలి పుండు చూపించడానికి ఇద్దరూ వచ్చారు. కుర్చీల్లో పక్కపక్కనే కూర్చుని, ఆ డాక్టరు ఫీజు ఎక్కువా, బస్సు ఛార్జీ ఎక్కువా అని వాదించుకుంటున్నారు. కౌంటర్లో అమ్మాయి మైకులో పేరు పిలిచింది. మా నాయన చిన్నప్పటి పేరు. నాయన దిగ్గున లేచి నిలబడ్డాడు. పక్కన పెదనాయన కూడా లేచాడు.

"కూచోరా. పిలిచింది నన్ను" అన్నాడు పెదనాయన.

నాయన కూర్చోలేదు. మా అవ్వ చచ్చిపోయాక ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్లు లేరు. మా అమ్మ మొగుడి పేరు పలికే మనిషి కాదు, మాకు నాయన, ఊరికి మిలట్రీ. ఆయన కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

"అన్నా, నువ్వు కాసేపు కదలొద్దు. ఇంగోసారి పిలుస్తాదేమో చూద్దాం" అన్నాడు.

పెదనాయన కదల్లేదు. ఎవరూ రాకపోయేసరికి, వినపడలేదనుకుని ఆ అమ్మాయి ఇంకా గట్టిగా పిలిచింది.